ఫిగోకి ఉన్నది ఒక్కటే తాళం: 11,200 పెట్టాలా, ఇంట్లో ప్రోగ్రాం చేసుకోవాలా?

ప్రశ్న: మూడు నెలల క్రితం 2013 మోడల్ ఫోర్డ్ ఫిగో డీజిల్, టైటానియం వేరియంట్, సెకండ్ హ్యాండ్‌లో 1,85,000కి కొన్నాను. మాది తెనాలి. ఒక్క తాళమే ఇచ్చారు, రెండోది పోయిందన్నారు. ఉన్నదాని రిమోట్ పదిసార్లు నొక్కితే ఒకసారి పనిచేస్తుంది. సర్వీస్ సెంటర్లో కొత్త రిమోట్ తాళానికి కోడింగ్‌తో కలిపి 11,200 అన్నారు. గుంటూరులో తాళాలు చేసే ఆయన రిమోట్‌తో 4,500, రిమోట్ లేని చిప్ తాళమైతే 2,300 అన్నాడు. ఆన్‌లైన్లో 1,350కే రిమోట్ దొరుకుతోంది, ఇంట్లోనే ప్రోగ్రాం చేసుకోవచ్చని వీడియోలున్నాయి. నా జీతం 38,000. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఏప్రిల్ వరకు ఉంది. తాళం ఖర్చు అందులో వస్తుందా? లేక నేనే ప్రోగ్రాం చేసుకోనా?

జవాబు: ముందు ఒక్క మాట. రెండో తాళం చేతికొచ్చేవరకు, ఉన్న ఒక్క తాళాన్ని ఇంట్లో విప్పకండి. కారణం తెలిస్తే మీ లెక్క కూడా తేలిపోతుంది.

మీ ఫ్లిప్ తాళంలో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి ఇనుప బ్లేడు. తలుపు తాళాన్నీ ఇగ్నిషన్‌నీ తిప్పేది అదే. రెండోది బటన్ల కింద ఉండే రిమోట్ బోర్డు. సీఆర్ 2032 అనే నాణెంలాంటి సెల్‌తో నడుస్తుంది, తలుపులు తీసి వేయడం వరకే దాని పని. మూడోది ఇమ్మొబిలైజర్ చిప్. దీనికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదివి, కోడు సరిపోతేనే ఇంజిన్ అందుకోనిస్తుంది. వీడియోల్లో చూపించే పద్ధతి రెండోదానికి మాత్రమే పనికొస్తుంది. ఆన్‌లైన్లో కొన్న తాళానికి ఇంట్లో రిమోట్ ప్రోగ్రాం చేసుకుంటే తలుపులు తెరుచుకుంటాయి, బండి మాత్రం స్టార్టవదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

విప్పొద్దన్నది ఆ చిప్ గురించే. చింతగింజలో సగం కూడా ఉండని నల్లటి ముక్క అది, కొన్నిట్లో సన్నటి గాజు గొట్టంలా ఉంటుంది. బోర్డుకు అతుక్కుని ఉండదు, షెల్ అంటే పైనున్న ప్లాస్టిక్ డొప్ప, దాని గోడలో చిన్న గూట్లో విడిగా కూర్చుని ఉంటుంది. షెల్ మార్చేవాళ్లు బోర్డు తీసి కొత్తదాంట్లో పెట్టి, పాత షెల్ చెత్తబుట్టలో వేస్తారు. చిప్ దాంతోపాటే పోతుంది. సాయంత్రం బండి తీయబోతే ఇంజిన్ పలకదు, ప్లాస్టిక్ షెల్లే కదా మార్చింది అనుకుంటారు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా తిప్పితే గాజు రకం చిప్ పగిలిపోతుంది కూడా. ఇంకో తాళం ఉంటే అది చిన్న నష్టం. మీకు ఉన్నదే ఒకటి. అది పోతే బండిని వేరే బండికి కట్టి లాక్కెళ్లాలి, చిప్ మొదటి నుంచి కోడ్ చేయించాలి. పనిచేసే తాళం చేతిలో ఉండగా రెండోది చేయించడానికి అయ్యేదానికీ దీనికీ పోలికే లేదు.

అందుకే మొదటి ఖర్చు 2,300, రిమోట్ లేని చిప్ తాళానికి. స్పేర్ తాళం బీరువాలో ఉండేది, దానికి రిమోట్ ఎందుకు? తలుపు బ్లేడుతో తెరుచుకుంటుంది, బండి చిప్‌తో స్టార్టవుతుంది, అంతకన్నా దాంతో పనేముంది? రిమోట్ కోసం ఇంకో 2,200 ఇవ్వాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఆ పని మాత్రం మీ కళ్లముందే జరగాలి. బండి అక్కడ వదిలి రావద్దు. ఆయన స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి స్కానర్ తగిలిస్తాడు. అందులో ఇమ్మొబిలైజర్ మెమరీలో ఎన్ని తాళాలున్నాయో కనబడుతుంది. కొత్తది కోడ్ చేయకముందే ఆ అంకె చూపించమనండి. మీ చేతిలో ఒకటే ఉండి అక్కడ రెండు అని కనిపిస్తే, పోయిందన్న తాళం ఎవరికి దొరికినా వాళ్లు మీ బండి స్టార్ట్ చేయగలరు. పాతవన్నీ చెరిపేసి, మీ పాత తాళాన్నీ కొత్తదాన్నీ కలిపి రెండే కోడ్ చేయమని అడగండి. చెరిపేశాక కనీసం రెండు తాళాలు కోడ్ అయితే తప్ప చాలా ఫోర్డ్ బండ్లు స్టార్టవవు, కాబట్టి రెండూ అదే పూట అక్కడుండాలి. పని అయ్యాక ఒక్కో తాళంతో మూడేసిసార్లు ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ఆ తర్వాతే డబ్బివ్వండి. బండి నంబరు, తేదీ రాసిన బిల్లు అడిగి తీసుకోండి, అది ఎందుకో కింద చెబుతాను.

ఫోర్డ్ బండ్ల కంప్యూటర్‌ను చదివే ఫోర్‌స్కాన్ సాఫ్ట్‌వేర్, అడాప్టర్ కొని ఈ కోడింగ్ కూడా ఇంట్లో చేసేవాళ్లున్నారు. రెండు తాళాలున్న అనుభవజ్ఞుడికి అది సరే. ఒక్క తాళం ఉన్నవారు మెమరీ చెరిపి మధ్యలో ఆగిపోతే బండి ఇంటి ముందే ఉండిపోతుంది. మీరు ఆ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు రిమోట్ సంగతి. రెండో తాళం వచ్చాక పాతదాన్ని నిశ్చింతగా విప్పవచ్చు. మొదట సెల్ మార్చండి, యాభై రూపాయల పని. మల్టీమీటర్ ఉంటే కొలవండి. కొత్త సీఆర్ 2032 మూడు వోల్టులు, లేదా కాస్త ఎక్కువ చూపిస్తుంది. 2.7కి దిగిందంటే అది అయిపోయినట్టే. పాతది తీసేముందు ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకోండి. బోర్డు మీద సెల్‌ను పట్టుకునే రేకులు వంగిపోయి ఉంటే మెల్లగా పైకి లేపండి. పదిసార్లు నొక్కితే ఒకసారి పనిచేయడానికి చాలాసార్లు కారణం ఆ రేకులే.

సెల్ మార్చినా అంతే ఉంటే బటన్ చూడాలి. రబ్బరు ప్యాడ్ చిరిగితే 400లో షెల్ వస్తుంది. ప్యాడ్ బాగానే ఉండి, దాని కింద బోర్డు మీదున్న చిన్న స్విచ్ టంకం వదిలేసి ఉంటే మొబైల్ రిపేర్ షాపులో మళ్లీ అతికించుకోవచ్చు. వీటిలో దేనికీ ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. పాత బోర్డే కాబట్టి బండి దాన్ని గుర్తుపడుతుంది.

బోర్డే పోయిందని తేలితే అప్పుడు ఆ 1,350 రిమోట్ కొనండి. కొనేముందు వివరాల్లో 433 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే 315 మెగాహెర్ట్జ్ రిమోట్లు అమెరికా బండ్లవి. అవి ఎంత నొక్కినా మీ ఫిగో పలకదు. తిరిగి తీసుకునే వీలు లేని అమ్మకందారు దగ్గర కొనకండి. కొత్త షెల్‌లోకి మీ పాత బ్లేడు, పాత చిప్ మార్చుకుంటే కోడింగ్ ఖర్చు ఉండదు. ఇక మిగిలేది రిమోట్ ప్రోగ్రామింగ్, అది మీ ఇంటి ముందే పైసా ఖర్చు లేకుండా అవుతుంది.

తలుపులన్నీ వేసి, రెండు రిమోట్లుంటే రెండూ చేతిలో పెట్టుకుని కూర్చోండి. ఇగ్నిషన్‌లో తాళం పెట్టి, సున్నా నుంచి రెండో స్థానానికి, అంటే డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగే చోటికి, ఆరు సెకన్లలో నాలుగుసార్లు తిప్పి సున్నాకి తీసుకురండి. టింగుమని శబ్దం వస్తుంది. అక్కడి నుంచి మీకు పది సెకన్లు ఉంటాయి. కొత్త రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కండి, మళ్లీ శబ్దం వస్తే బండి దాన్ని తీసుకున్నట్టు. ఇంకో రిమోట్ ఉంటే వెంటనే దాన్నీ నొక్కండి. చివరికి తాళాన్ని రెండో స్థానానికి తిప్పితే పని ముగుస్తుంది.

శబ్దం రాకపోవడానికి మామూలు కారణాలు రెండు. తాళాన్ని పూర్తిగా సున్నాకి తేకుండా మధ్య స్థానం నుంచే వెనక్కి తిప్పడం ఒకటి, ఆరు సెకన్లు దాటిపోవడం ఇంకోటి. కంగారులో మూడో స్థానానికి తిప్పితే ఇంజిన్ స్టార్టవుతుంది, అప్పుడు మొదటి నుంచి చేయాల్సిందే. మరో సంగతి, ఆ పూట నొక్కిన రిమోట్లు మాత్రమే ఇక పనిచేస్తాయి. నొక్కని పాత రిమోట్ బండి జ్ఞాపకంలోంచి పోతుంది. అది మీకు లాభమే, పాత యజమాని దగ్గర మిగిలిన రిమోట్‌తో ఇక తలుపులు తెరుచుకోవు. కానీ దాంట్లోని చిప్ ఈ పద్ధతికి చెరగదు, దానికి పైన చెప్పిన స్కానర్ పనే కావాలి.

తక్కువ వేరియంట్ ఫిగోలు వాడేవారూ ఇది చదువుతుంటే ఒక గమనిక: మీ బండికి సెంట్రల్ లాకింగ్ బయట బిగించినదైతే ఈ నాలుగుసార్ల పద్ధతి దానికి వర్తించదు. ఆ కిట్ కంట్రోల్ పెట్టె వేరు, దాని పద్ధతి వేరు.

లెక్క చూడండి. చిప్ తాళం 2,300, సెల్ 50, షెల్ 400 కలిపి 2,750. బోర్డే మార్చాల్సి వస్తే షెల్ బదులు ఆ 1,350 రిమోట్ వస్తుంది కనుక 3,700. సర్వీస్ సెంటర్ చెప్పినదానితో పోలిస్తే మీ దగ్గర 7,500 నుంచి 8,450 వరకు మిగులుతుంది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించినా సర్వీసు, విడిభాగాలు ఇస్తూనే ఉంది, వాళ్ల దగ్గర చేయించడం తప్పు కాదు. అయితే 2013 బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2028లో ముగుస్తుంది. బండి విలువలో ఆరు శాతం ఒక్క తాళానికి పెట్టే వయసు కాదు దానిది. మిగిలిన డబ్బుకి నాకు కనిపించే మంచి దారి టైమింగ్ బెల్ట్. మీ డీజిల్ ఇంజిన్లో ఉన్నది చైన్ కాదు, బెల్ట్. ఎప్పుడు మార్చారో అమ్మినాయనను అడగండి, బిల్లు చూపించలేకపోతే మార్పించేయండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ పని పడుతుంది. ఆ బిల్లు ముందు తాళాల లెక్క లెక్కే కాదు. నెలకు 1,500 చొప్పున బండి పేరున ఒక రికరింగ్ డిపాజిట్ కూడా మొదలుపెట్టండి.

ఇక ఇన్సూరెన్స్. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో పోయిన తాళానికి డబ్బు రాదు. దానికి కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్ విడిగా ఉంటుంది, పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్‌లోనో కొనాలి, అంతకుముందే పోయిన తాళానికి వర్తించదు. ఇంత వయసు బండికి చాలా కంపెనీలు యాడ్ ఆన్‌లు ఇవ్వవు కూడా. దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది తాళం కాదు. ఆర్‌సీ మారిందన్నారు, పాలసీ మీ పేరు మీదికి మారిందని ఎక్కడా రాయలేదు. బండి చేతులు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ భాగం, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికిచ్చేది, దానంతటదే మీకు వస్తుంది. సొంత బండికి జరిగే నష్టం, దొంగతనం, ఇవి పాత యజమాని పేరున్నంతకాలం మీకు రావు. ఇవాళ బండి పోతే మీ చేతికి ఏమీ రాదు. గడువు దాటినా సరే, రేపే కొత్త ఆర్‌సీతో కంపెనీకి వెళ్లండి. వాళ్లు బండి తనిఖీ చేస్తారు, మీరు కొంత రుసుము కట్టాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిదే తప్ప బండిది కాదు కాబట్టి, పాత యజమానికి ఇచ్చిన ఆ తగ్గింపు మిగిలిన నెలలకు మీ దగ్గర వసూలు చేస్తారు. కట్టేయండి.

బిల్లు అడగమన్నది ఇందుకే. దొంగతనం క్లెయిమ్‌లో ఎఫ్ఐఆర్, ఆర్‌సీ, బండి దొరకలేదన్న పోలీసు రిపోర్టుతో పాటు తాళాలన్నీ ఇమ్మంటారు. ఒక్కటే ఇస్తే రెండోది ఎక్కడని అడుగుతారు, సమాధానానికి కాగితం లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. అందుకని అమ్మినాయన దగ్గర ఒక కాగితం రాయించుకోండి: బండి నంబరు, అమ్మిన తేదీ, ఒక్క తాళమే ఇచ్చినట్టు, రెండోది అంతకుముందే పోయినట్టు, సంతకం. మూడు నెలలే అయింది, అడిగితే ఇస్తారు. ఆ కాగితాన్నీ, పాత తాళాలు చెరిపి కొత్తది కోడ్ చేసిన బిల్లునీ పాలసీతో కలిపి పెట్టండి. చిప్ తాళం ఇంట్లోనే ఉండాలి. బండిలో, గ్లవ్ బాక్స్‌లో పెట్టారంటే దొంగతనం రోజున కంపెనీ దాన్ని మీ అజాగ్రత్త కింద రాసుకుంటుంది.