టెక్ సందేహాలు: ‘డాక్టర్’ చూపే ఎర్ర గుర్తులన్నీ జబ్బులు కావు

ప్రశ్న: మాది పలాస. నాన్నగారి జీడిపప్పు వ్యాపారానికి ఆర్డర్లు తీసుకునే యాప్ చేద్దామని 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో యాప్‌లు తయారుచేసే గూగుల్ టూల్ ఫ్లట్టర్ వేసుకున్నాను. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే ‘ఫ్లట్టర్ డాక్టర్’ కమాండ్ కొడితే విజువల్ స్టూడియో దగ్గర ఎర్ర ఇంటూ గుర్తు, ఆండ్రాయిడ్ టూల్‌చెయిన్ (ఆండ్రాయిడ్ యాప్ తయారీకి కావాల్సిన టూల్స్) దగ్గర పసుపు గుర్తు వస్తున్నాయి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్) తెరిస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. ఇదే యాప్ ఐఫోన్‌లో కూడా వస్తుందా?

జవాబు: ఆ ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడకండి. విండోస్ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములు చేసేవాళ్లకే విజువల్ స్టూడియో కావాలి. మీది ఫోన్ యాప్ కాబట్టి వదిలేయండి. మీరు కోడ్ రాసుకునే విజువల్ స్టూడియో కోడ్ వేరు, ఇది వేరు. పేర్లు ఒకేలా ఉండటంతో జీబీలకు జీబీలు ఊరికే దించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని!

పసుపు గుర్తు సంగతి మాత్రం చూడాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకే మేనేజర్ (ఆండ్రాయిడ్ టూల్స్ దించుకునే చోటు) తెరిచి, ఎస్‌డీకే టూల్స్ ట్యాబ్‌లో ‘కమాండ్ లైన్ టూల్స్’ పక్కన టిక్ ఉందో లేదో చూడండి. చాలామందికి ఉండదు. అది పెట్టి, ఇన్‌స్టాల్ అయ్యాక ఫ్లట్టర్ డాక్టర్‌నే ఆండ్రాయిడ్ లైసెన్సుల ఆప్షన్‌తో నడిపి, అడిగినప్పుడల్లా ‘వై’ నొక్కండి. అప్పటికీ పోకపోతే ఫ్లట్టర్ ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. ఆ ఫోల్డర్ పాత్‌లో ఖాళీలున్న పేర్లు ఉండకూడదు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అసలే వద్దు.

8 జీబీ ర్యామ్‌తో ఎమ్యులేటర్ జోలికి పోవద్దు. మీ ఫోనే వాడండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలపండి. ల్యాప్‌టాప్‌లో ఫోన్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి. మొదటిసారి రన్ చేసినప్పుడు కోడ్‌ను యాప్‌గా మార్చే గ్రేడిల్ అనే టూల్ చాలా ఫైళ్లు దించుకుంటుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో ఆపేయకండి.

ఐఫోన్‌కూ ఇదే కోడ్ పనికొస్తుంది. కానీ దాన్ని ఐఫోన్ యాప్‌గా బిల్డ్ చేయడానికి మ్యాక్ కంప్యూటర్, అందులో యాపిల్ వారి ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేకైతే ఒక్కసారి 25 డాలర్లు చాలు. ముందు ఆండ్రాయిడ్‌లో పెట్టండి.

ప్లేలో పెట్టే ముందు యాప్ ఐడీ (యాప్‌ను గుర్తించే ప్రత్యేక పేరు) ‘కామ్ డాట్ ఎగ్జాంపుల్’ అని ఉంటే మార్చేయండి. ప్లే దాన్ని ఒప్పుకోదు, ఒకసారి యాప్ విడుదలయ్యాక ఐడీ మారదు. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది 14 రోజుల పాటు ఆపకుండా టెస్టర్లుగా ఉండాలి. దానికి నాన్నగారి దగ్గర పప్పు కొనే షాపులవాళ్లనే అడగండి, ఆర్డర్ పేజీలో తప్పులు మీకంటే ముందు వాళ్లే పట్టేస్తారు.