తనతో తానే అబద్ధం ఎలా ఆడతాడు?

చిక్కు ఎక్కడంటే, తనను తానే మోసం చేసుకోవడాన్ని మీరు ఇద్దరి మధ్య జరిగే మోసంలా చూస్తున్నారు. మోసగాడికి నిజం తెలియాలి, మోసపోయేవాడికి తెలియకూడదు, ఒకే మనిషిలో రెండూ ఎలా అని అడిగారు. తత్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్ మనసును భాగాలుగా చూసి జవాబిచ్చాడు. మరో తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ మీలీ జవాబు ఇంకా తేలిక: మోసం చేసుకోవాలన్న ఉద్దేశమే అక్కర్లేదు, కోరిక వల్ల ఆధారాలను చూసే తీరు ఒక వైపు మొగ్గితే చాలు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది.

గ్రూప్-1కి చదువుతూ తనను తానే మోసం చేసుకుంటున్నాడని మీరు చెప్పిన మీ అశోక్‌నగర్ రూమ్మేట్ సంగతికి వద్దాం.

1. గ్రూప్-1 కొడతానని అతను నిజంగానే నమ్ముతున్నాడనుకోండి. ఆ నమ్మకం ఒక్కటే చూస్తే మోసం కనిపించదు.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఏం నమ్ముతున్నాడో కాదు, దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నాడో గమనించాలి. మాక్ టెస్టులు ఎగ్గొడుతున్నాడన్నారు. మార్కులు బాగా వస్తే తన ప్రతిభ, తగ్గితే పేపర్ తప్పు అంటాడన్నారు. అంటే రెండింటికీ వేర్వేరు కొలతలు. అసలు పరీక్ష ఫలితం అతనికి తెలియదు, రాదేమోనన్న అనుమానం మాత్రం ఉంది. అనుమానించడం, తెలిసుండడం ఒకటి కాదు కదా! మీకు కనిపించిన వైరుధ్యం అక్కడే పోతుంది.

3. "నిన్ను నువ్వే మోసం చేసుకుంటున్నావ్" అనకండి, పాపం నొచ్చుకుంటాడు. "ఎన్ని మార్కుల కంటే తక్కువొస్తే ప్లాన్ మారుస్తావ్?" అని టెస్టుకు ముందే అడిగి, ఆ అంకె అతని చేతే రాయించండి.