పిన్ని ముందు డాక్టరు అడిగితే ఏం చెప్పను?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 23 ఏళ్లు, పెళ్లి కాలేదు. ఏడాదిగా నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. అమ్మ బరంపురంలో ఒక ప్రైవేటు లేడీ డాక్టరు దగ్గర నంబరు రాయించింది. తోడుగా పాతపట్నం నుంచి పిన్ని వస్తుంది. లోపల పరీక్ష చేస్తారేమోనని వణుకు పుడుతోంది. రెండేళ్ల క్రితం ఒక అబ్బాయితో దగ్గరయ్యాను. ఇప్పుడు అదేమీ లేదు, ఇంట్లో తెలీదు. డాక్టరు చూస్తే తెలిసిపోతుందా? పిన్ని ముందే అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: తెలిసిపోదు తల్లీ. ఒక ఆడపిల్లకి అంతకుముందు శారీరక సంబంధం ఉందా లేదా అన్నది శరీరాన్ని చూసి ఏ డాక్టరూ తేల్చలేరు. అలా తేల్చే పరీక్షే లేదని, అలాంటి పరీక్షలు మానేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మీ ఉత్తరంలో పైకి రాయని భయం ఇంకొకటి కనిపించింది, దానికీ జవాబు చెబుతాను. ఇప్పుడు నెలసరి తప్పడానికి రెండేళ్ల నాటి ఆ స్నేహం కారణం కాదు. ఈ వయసులో ఇలా అవడానికి ఎక్కువగా కనిపించేవి పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాల్లో వచ్చే సమస్య), థైరాయిడ్, ఒంటి బరువు బాగా పెరగడం లేదా తగ్గడం, తిండీ నిద్రా చెడిపోవడం.

మీరు భయపడుతున్న లోపలి పరీక్ష మీ సమస్యకు సాధారణంగా అక్కర్లేదు. మొదటిసారి జరిగేది చాలావరకు మాటలే. పోయిన నెలసరి మొదటి రోజు ఏ తారీఖు, ఎన్నాళ్లుంటుంది, రోజుకెన్ని ప్యాడ్లు, నొప్పి ఎంత, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయా, ఇంట్లో ఎవరికైనా షుగరు, థైరాయిడ్ ఉన్నాయా అని అడుగుతారు. గుర్తున్నంతవరకు ఏడాది తారీఖులు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి దాని మొదటి రోజుకు లెక్కపెట్టాలి. 21 నుంచి 35 రోజులైతే మామూలే. తర్వాత బీపీ, బరువు చూస్తారు, అవసరమైతే పొట్ట నొక్కి చూస్తారు.

అన్నిటికంటే ముందు సిద్ధపడాల్సింది "శారీరక సంబంధం ఉందా?" అన్న ప్రశ్నకే. అది మీ నడవడి మీద తీర్పు కాదు, ఏ పరీక్ష రాయాలో తెలియడానికి అడుగుతారు. దానికి నిజమే చెప్పండి. అయితే పిన్ని పక్కన కూర్చుని ఉంటే ఎవరికైనా నోరు పెగలదు. అందుకని లోపలికి వెళ్లకముందే నర్సుతో "డాక్టరుగారితో ఐదు నిమిషాలు ఒక్కదాన్నే మాట్లాడాలి" అని నెమ్మదిగా చెప్పండి. చాలామంది డాక్టర్లు "మీరు కాస్త బయట కూర్చోండమ్మా" అని వాళ్లే పంపించేస్తారు. మీకు 18 దాటాయి, మీరు చెప్పింది దాచడం డాక్టరు బాధ్యత. ఒడియా బడిలో చదువుకున్నవారైతే ఇంకో వీలుంది: డాక్టరుతో ఒడియాలో నేరుగా మీరే మాట్లాడండి. మధ్యలో పిన్ని మాట అందించాల్సిన అవసరం ఉండదు.

నెల తప్పిందంటే చాలు, పెళ్లయినా కాకపోయినా, ప్రెగ్నెన్సీ టెస్టు రాసే డాక్టర్లు ఎక్కువ. అది చూసి పిన్ని గాభరా పడొచ్చు. "నెలసరి రాకపోతే అందరికీ రాస్తారట" అని బయల్దేరే ముందే ఆమె చెవిన వేయండి.

స్కానింగు పొట్ట మీద జెల్లు రాసి చేస్తారు, నొప్పి ఉండదు. మూత్రాశయం నిండి ఉండాలి కాబట్టి నీళ్లు బాగా తాగమంటారు. బస్సులో తాగకండి, ఆ ప్రయాణం నరకమైపోతుంది. స్కాను గది దగ్గర ఎంతమంది ముందున్నారో అడిగి అప్పుడు మొదలుపెట్టండి. కింది నుంచి చేసే స్కాను ఎవరైనా అడిగితే ఎందుకని అడగండి. వద్దనుకుంటే "వద్దండీ, పైనుంచే చేయండి" అంటే చాలు. మీరు ఒప్పుకోకుండా ఎవరూ చేయకూడదు. చూసేది మగ డాక్టరైతే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పట్టికలో ఇది ఉంది. మందులూ పరీక్షలూ మీకు నచ్చిన చోట తీసుకోవచ్చనీ అందులోనే ఉంది. కాబట్టి ఆ ఆసుపత్రి ల్యాబులోనే చేయించాలన్న నియమం లేదు, రేటు కనుక్కుని నిర్ణయించుకోండి.

రక్తపరీక్షల్లో కొన్ని నెలసరి రెండు, మూడో రోజున చేయించమంటారు. అంటే ఆ రోజే అన్నీ తేలకపోవచ్చు, మళ్లీ రావాల్సి ఉంటుందని అమ్మకి ముందే చెప్పి ఉంచండి. నెలసరి రావడానికి మాత్రలు ఇస్తే ఎన్నాళ్లు వాడాలో, ఆపాక ఏమవుతుందో అడగండి. చీటీ, రిపోర్టులు మీ దగ్గరే ఉంచుకోండి.

మధ్యలో ఎప్పుడైనా గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, కళ్లు తిరిగినా, ఒకపక్క భరించలేని నొప్పి వచ్చినా నంబరు కోసం ఆగకండి. దగ్గర్లోని ఆసుపత్రికి, అర్ధరాత్రయినా సరే, వెంటనే వెళ్లండి.