చింతూరు వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయ్,

చింతూరు దగ్గర కోయ పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి వెళ్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది, ఎంత సంతోషమేసిందో. అమలాపురంలో ఇన్‌స్టిట్యూట్ తీసేసాక మూడేళ్లు ఏజెన్సీలో తిరిగాను కాబట్టి నాలుగు మాటలు చెప్తాను, ఓపిగ్గా చదువు.

వెళ్ళగానే ల్యాప్‌టాప్ తియ్యకు. ముందు ఊరి పెద్దల దగ్గర కూర్చో, ఏం నేర్పబోతున్నావో చెప్పు, వాళ్ళు సరే అన్నాకే క్లాసు. ఇంకోటి, కోయలూ కొండరెడ్లూ ఒకటే అనుకోకు, కొండరెడ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, కోయలకి మాత్రం సొంత భాష ఉంది. నీళ్లని ఏరు అంటారు, ఇంటిని లోను అంటారు. ఇలాంటి మాటలు నువ్వే వాళ్ళ దగ్గర రోజుకి పది నేర్చుకో, నువ్వు తప్పు పలికితే పిల్లలు దిద్దుతారు, ఆ దిద్దడంలోనే బెరుకు పోతుంది.

టైపింగ్ మొదలెట్టేది కూడా ఆ మాటలతోనే, పుస్తకంలో పాఠం ఎక్కించొద్దు. తెలుగు అక్షరాల్లోనే కోయ మాటలు కొట్టిస్తే చాలు, పక్కన అర్థం రాయిస్తే నెల తిరిగేసరికి వాళ్ళ సొంత నిఘంటువు ఎక్సెల్‌లో తయారవుతుంది. కోయకి దగ్గరి చుట్టం గోండి, దాని లిపులు రెండు యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షరాల పట్టికలోకి వచ్చాయి, మసరం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో, ఆ ఫాంట్లు ఓసారి స్క్రీన్ మీద చూపించు. మన చుట్టాల భాష కూడా కంప్యూటర్‌లో ఉందా సార్ అని ఒకడు నన్ను అడిగాడు, వాడి మొహం ఇప్పటికీ మర్చిపోలేదు.

నాకు బాగా పనికొచ్చిన పాఠం వరద. గోదారి పోటెత్తితే దాన్లో కలిసే శబరి నది ఎగదన్ని ఆ ఊళ్ళు మునుగుతాయి, కాబట్టి భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3, ఈ రెండు అంకెలూ షీట్‌లో వేయించి, ఆ నీళ్లు మీ ఊళ్ళో ఎక్కడిదాకా వచ్చాయో తాతల్ని అడిగి రండి అన్నాను. ఓ తాతయ్య తనే కర్ర పట్టుకుని వచ్చి, చింతచెట్టు మొదట్లో నిలబడి, మొలకి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించాడు, పిల్లలు టేపుతో కొలిచి అంకె పక్కన రాసుకున్నారు. ఆ తర్వాత గ్రాఫ్ ఎలా గీయాలో నేను చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. విజ్జా పండుం, అంటే విత్తనాల పండగకి, ఒక ముసలమ్మ పాట పాడితే పిల్లల చేత ఫోన్లో రికార్డ్ చేయించాను, ఆవిణ్ణి అడగలేదు. ఒకడు స్టేటస్ పెట్టాడు, సాయంత్రానికి మూడూళ్ళు తిరిగింది. మర్నాడు ఆవిడ కోప్పడలేదు, పండుం కాని రోజు ఆ పాట మోగితే ఎలా బాబూ అంది అంతే, అని తల దించుకుని కూర్చుంది. ఇల్లిల్లూ తిరిగి డిలీట్ చేయించాను కానీ బయటికి పోయింది పోయినట్టే. అప్పట్నుంచి ఏ పాటైనా ఏ కథైనా ముందు అడిగి, అందరూ వినొచ్చా, ఊరివాళ్ళేనా, అసలు రికార్డే వద్దా అని వాళ్ళ నోటే చెప్పించుకున్నాకే బటన్ నొక్కించేవాణ్ణి. నువ్వు కూడా అంతే చెయ్యి. రికార్డులున్న మెమరీ కార్డు ఊళ్ళోనే ఉండాలి, నీ ల్యాప్‌టాప్‌లో కాపీ కూడా పెట్టుకోవద్దు.

ఫోన్లో జీపీఎస్ కూడా నేర్పు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా అడగాలంటే హద్దులు తెలియాలి, అయితే ఆ మ్యాప్ గ్రామసభకే ఇవ్వాలి. పోలవరం ముంపులో ఊళ్ళు లేచిపోతున్నాయి కాబట్టి చెట్లూ గట్లూ వేల్పుల చోట్లూ ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టించొచ్చు, పెద్దలు ఒప్పుకున్నవే సుమా.

సిగ్నల్ నమ్ముకోకు, కావాల్సినవన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకో. నా దగ్గర రెండు పవర్ బ్యాంకులూ, పాత రికార్డరూ ఉన్నాయి, ఆదివారం రాజమండ్రి బస్టాండుకి తెస్తాను, చింతూరు బస్సు ఎన్నింటికో కనుక్కుని ఫోన్ చెయ్యి.

మీ మావయ్య