పెళ్లి ఫొటోలు కొత్త మానిటర్‌లో వెలిసిపోయినట్టు ఉన్నాయి, ఎందుకు?

ప్రశ్న: ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. పాత మానిటర్ పోతే 24 అంగుళాల కొత్తది కొని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో సిస్టమ్‌కి పెట్టాం. అప్పటి నుంచి ఫొటోలన్నీ మంచు పట్టినట్టు కనిపిస్తున్నాయి. నల్లటి జుట్టు బూడిద రంగులో ఉంటోంది. ఫొటోషాప్‌లో కాంట్రాస్ట్, రంగు పెంచి పంపితే ల్యాబ్ నుంచి ప్రింట్లు చీకటిగా, ముఖాలు ఎర్రబారి వస్తున్నాయి. పెళ్లివాళ్లు ఒప్పుకోవట్లేదు. మానిటర్ మార్చాలా, ల్యాబ్ మార్చాలా?
– ఒక డిజైనర్, తెనాలి

జవాబు: రెండూ మార్చకండి. ముందు ఫొటోలకు కరెక్షన్ చేయడం ఆపండి. మానిటర్‌లో ఉన్న లోపం ల్యాబ్‌కి చేరదు కానీ, దాన్ని కప్పిపుచ్చడానికి మీరు పెంచిన కాంట్రాస్ట్ మాత్రం ఫైల్‌లో కూర్చుని ల్యాబ్‌కి పోతుంది. ల్యాబ్ వాళ్లు మీరు పంపిందే ప్రింట్ వేస్తున్నారు. నేనూ గుంటూరులో ఆల్బమ్ పని చేసినవాణ్ణే. ప్రింట్ చేతికొచ్చాక పెళ్లివాళ్ల ముందు నిలబడటం ఎంత టెన్షనో తెలుసు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి మానిటర్ బటన్ నొక్కి దాని మెనూ తెరవండి. ఆ మెనూ కంప్యూటర్ పంపేది కాదు, మానిటర్ సొంతంగా వేసుకునే బొమ్మ. అందులో నలుపు చిక్కగా ఉండి, వెనకాల ఉన్న ఫొటోలో నలుపు పాలిపోయి ఉంటే ప్యానెల్, అంటే మానిటర్ తెర, బాగానే ఉన్నట్టు. కంప్యూటర్ నుంచి వచ్చే సిగ్నల్‌లోనే తేడా ఉంది. మీరు రాసిన లక్షణాలను బట్టి నా అనుమానం కూడా అదే.

అసలు జరిగేదేమిటంటే, కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. టీవీ లెక్కలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగిపోతుంది. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది కాబట్టి, కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసి పంపే గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కోసారి మానిటర్‌ని టీవీ అనుకుని ఆ చిన్న లెక్కలోనే పంపుతుంది. మానిటర్ దాన్ని 0–255 లెక్కలో చదువుతుంది. దాంతో నలుపు బూడిదగా, తెలుపు మాసినట్టుగా తేలుతుంది. మధ్యలో ఉన్న రంగులన్నీ నీరసపడతాయి.

మీది ఎన్విడియా కార్డ్ అయితే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరవండి. ‘చేంజ్ రిజల్యూషన్’ పేజీలో కిందికి వెళ్తే ‘యూజ్ ఎన్విడియా కలర్ సెట్టింగ్స్’ ఉంటుంది. దాన్ని ఎంచుకుని కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, ‘అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్’ ఫుల్ అని పెట్టి అప్లై కొట్టండి. ఏఎండీలో ఇదే సంగతి ‘పిక్సెల్ ఫార్మాట్’ కింద, ఇంటెల్‌లో ‘క్వాంటైజేషన్ రేంజ్’ పేరుతో ఉంటుంది. పెట్టీ పెట్టగానే తేడా కళ్లకు కడుతుంది.

అప్పుడు కరెక్షన్ చేయని తలంబ్రాల ఫొటో ఒకటి తెరవండి. పెళ్లికూతురి జడ నల్లగా ఉంటూనే పాయలు విడివిడిగా తెలియాలి. మధుపర్కం చీర తెల్లగా ఉన్నా మడతలు కనిపించాలి. జడ మొత్తం నల్ల ముద్దలా అయిపోతే సమస్య ఎదురు తిరిగినట్టు: కంప్యూటర్ పెద్ద లెక్కలో పంపుతుంటే మానిటర్ చిన్న లెక్కలో చదువుతోంది. మానిటర్ మెనూలో ‘ఆర్‌జీబీ రేంజ్’ లేదా ‘బ్లాక్ లెవెల్’ మార్చి చూడండి.

అదే మెనూలో వివిడ్, డైనమిక్ కాంట్రాస్ట్, రీడింగ్ మోడ్ లాంటివి తీసేసి ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫొటోలకు వాడే ప్రామాణిక రంగుల మోడ్) ఉంటే అది పెట్టండి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ ఆపేయండి. నైట్ లైట్ తెరను పసుపుగా మార్చేస్తుంది, ముఖం రంగు దిద్దే మనిషికి అది పనికిరాదు.

ఒక్క విషయం మాత్రం సెట్టింగ్‌లతో తేలదు, బ్రైట్‌నెస్. కొత్త మానిటర్లలో అది బాగా ఎక్కువగా పెట్టి ఉంటుంది. ఆ వెలుగులో బాగుందనుకున్న ఫొటో కాగితం మీద చీకటిగా రాక తప్పదు. అందుకే ఏమీ దిద్దని ఫైల్ ఒకటి మీ ల్యాబ్‌లోనే ప్రింట్ వేయించండి. దాన్ని తెల్ల ట్యూబ్‌లైట్ వెలుగులో స్క్రీన్ పక్కన పెట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఇప్పటికే కాంట్రాస్ట్ పెంచి పెట్టిన ఆల్బమ్‌లు ప్రింట్‌కి వెళ్లకముందే ఒరిజినల్ ఫైళ్ల నుంచి మళ్లీ చేయండి. పెంచినదాన్ని తగ్గిస్తే పోయిన వివరాలు తిరిగి రావు.

ప్రశ్న: మా జిరాక్స్ షాపులో పాత మానిటర్ ఉన్నట్టుండి మొత్తం పసుపు రంగులోకి మారింది. వీజీఏ కేబుల్ కదిపితే ఒక్కోసారి బాగవుతోంది. మానిటర్ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కదిపితే బాగవుతోందంటే తేడా ఎక్కువగా కేబుల్‌లోనే ఉంటుందమ్మా. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు పిన్నుల్లో వస్తాయి. నీలం తెగితే తెలుపు కాస్తా పసుపవుతుంది. సిస్టమ్ ఆపి కేబుల్ ఊడదీసి పిన్నులు చూడండి, ఏదైనా వంగి ఉండొచ్చు. కొన్ని కేబుళ్లలో మధ్య వరసలో ఒక పిన్ను తయారీలోనే ఉండదు, దాన్ని చూసి కంగారుపడకండి. పక్క షాపు నుంచి ఒక కేబుల్ అడిగి తెచ్చి పెట్టి చూశాకే డబ్బు ఖర్చు చేయండి.