ఎస్కార్ట్ డ్యూటీలో పడ్డ మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

బెంగళూరు మైసూరు రోడ్డులోని సీఏఆర్‌లో, అంటే సిటీ సాయుధ రిజర్వు పోలీసులో, నిన్ను ఎస్కార్ట్‌కి వేశారని మీ అమ్మ చెప్పింది. పరప్పన అగ్రహార జైలు నుంచి ఖైదీల్ని కోర్టుకి తీసుకెళ్లి తేవడం. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో గురి బాగా కుదిరిందని నీకు ధీమాగా ఉందట. గురి సంగతి వదిలెయ్. అక్కడ నీ మీదికొచ్చేవాడు మూరెడు దూరంలో ఉంటాడు. వాడికి ముందు కావలసింది నీ తుపాకి.

దాన్ని కాపాడుకోవడమే అసలు ట్రైనింగ్. తుపాకి ఉన్నవాడు ఖైదీ చెయ్యి పట్టుకోకూడదు, చెయ్యి పట్టుకునేవాడి దగ్గర తుపాకి ఉండకూడదు. వ్యాను దిగేటప్పుడు, మెట్ల మలుపులో, బాత్రూముకి తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త. ఇన్సాస్ రైఫిల్ భుజాన వేలాడేసుకుని ఫోన్ చూసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్లింగ్ (తుపాకి పట్టీ) బిగించు, బ్యారెల్ కిందికి ఉంచు, వేలు ట్రిగ్గర్ గార్డు బయటే. ఎవడైనా గుంజితే విడిపించుకోవడం కాగితం మీద వచ్చేది కాదు. సాయంత్రాలు బ్యారక్‌లో ఇద్దరు కలిసి కర్రతో సాధన చెయ్యండి, పట్టు తప్పుగా ఉంటే శిక్షణ ఇచ్చే ఉస్తాద్ సరిచేస్తాడు.

ఇక చట్టం. 2024 జూలై 1 నుంచి ఆత్మరక్షణ, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. 37 చదువు: అవసరానికి మించి హాని చెయ్యకూడదు. 40 చదువు: ప్రమాద భయం ఉన్నంతసేపే హక్కు. కత్తి ఎత్తినవాడు దాన్ని పడేసి పరిగెత్తాడా, నీ హక్కు అక్కడితో సరి. వెనకనుంచి కాల్చి ఆత్మరక్షణ అంటే పోస్టుమార్టం రిపోర్టే నిన్ను పట్టిస్తుంది. పారిపోయేవాణ్ణి పట్టుకోవడం వేరే లెక్క, అది అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్‌లో ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం వాడి మీద లేకపోతే, పట్టుకునే పేరుతో ప్రాణం తీసే హక్కు లేదు. అందుకని వ్యాను ఎక్కకముందే ఎవడి మీద ఏ కేసో కాగితాల్లో చూసుకో.

గాల్లోకి ఒకటి పేల్చి బెదిరిద్దామనుకోకు. కోర్టు వరండాలో పైన ఉండేది కాంక్రీటు, గుండు తగిలి ఏ గుమాస్తా మీదికి తిరుగుతుందో.

నీ గుండుకి మనిషి పోతే 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి నడుస్తుంది: సీఐడీ గానీ వేరే స్టేషన్ గానీ దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ, నీ ఆయుధం ఫోరెన్సిక్‌కి. తుపాకి అడిగితే అవమానం అనుకోక ఇచ్చెయ్. జరిగింది జరిగినట్టు చెప్పు, పక్కవాడి మాట కలపకు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, నిద్రపోదు.

మీ మామ