“ఎక్కడికి నడవాలి?” అన్న మా నాన్నగారు

మీ అమ్మగారికి 69 ఏళ్లని, పాలకొల్లు ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని, ముందుముందు డిప్రెషన్ రాకుండా ట్రెడ్‌మిల్ కొనిపెడితే మంచిదా అని అడిగారు. వ్యాయామం దిగులును ఆపుతుందనడంలో నాకు సందేహం లేదు. ట్రెడ్‌మిల్ మాత్రం వద్దంటాను. కారణం మా నాన్నగారి అనుభవం.

మాది అమలాపురం దాటాక అల్లవరం వైపు, కాలువకు శివారు ఊరు. నాన్నగారికి 71 ఏళ్లు వచ్చినప్పుడు, ఇక కష్టపడింది చాలునని మేమే పట్టుబట్టి సార్వా (వానకాలపు వరి) కోతలు కాగానే మూడెకరాల చేనూ కౌలుకు ఇప్పించాము. పెద్ద సేవ చేశామనుకున్నాము. సంక్రాంతి వెళ్లేసరికి ఆయన అరుగు మీద పడక కుర్చీకి అతుక్కుపోయారు. పేపరు మడత విప్పేవారు కాదు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేవారు, ఏమడిగినా “ఏముందిరా” అనేవారు. మొదట చూపించిన వైద్యుడు గ్యాసు మాత్రలూ బలానికి టానిక్కూ రాసి పంపారు. పెద్దవయసులో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాక నిద్ర పట్టకపోవడంగా, ఆకలి చచ్చిపోవడంగా, ఒళ్లునొప్పులుగా బయటపడుతుందని మాకు తెలియదు సరే, ఆ వైద్యుడికైనా తట్టవలసింది. తరువాత చూసిన వైద్యురాలు ఏప్రిల్‌లో మందు మొదలుపెట్టి, రోజూ నడిపించమన్నారు. నడవమంటే నాన్నగారు “ఎక్కడికి?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

జూన్‌లో, ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలువలకు నీరు వదిలారన్న వార్తను అమ్మ పైకి చదివింది. పైఊళ్ల చేలన్నీ తాగాక గాని మా శివారుకు నీరందదు. నాన్నగారు లేచి, చెప్పులు వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా కాలువ గట్టు మీదికి వెళ్లారు. కంగారుపడి వెనకాలే వెళ్లాను. వేసవిలో కట్టేసిన కాలువ కనుక అడుగున గేదెలు తప్ప ఏమీ లేవు. తూము మీద కాసేపు కూర్చుని వచ్చేశారు. మర్నాడు పై తూము దాకా, ఆ మర్నాడు లాకుల దాకా వెళ్లారు. ఆరో రోజున నురగనూ గడ్డినీ కొబ్బరి డొక్కలనూ తోసుకుంటూ నీరు వచ్చింది. తూముకు గుర్రపుడెక్క అడ్డుపడి ఉండటం చూసి, కౌలుదారుణ్ణి కేకేసి, “ఒరే, డెక్క తీయించకపోతే చేలోకి నీరెలా ఎక్కుతుందిరా?” అని గట్టిగా కోప్పడ్డారు. ఆర్నెల్లలో ఆయన గొంతు పెగలడం అదే మొదలు. ఇంటికి వచ్చి చెబితే అమ్మ నమ్మలేదు.

అప్పటి నుంచి రోజూ గట్టు మీద గంటసేపు తిరుగుతున్నారు, దిగులు మళ్లీ రాలేదు. ఆ ఘనత మందుదేనని మా చెల్లెలు వాదిస్తుంది, నేను ఒప్పుకోను. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు డిప్రెషన్ ఉన్న, 50 దాటిన 156 మందికి 16 వారాల పాటు కొందరికి మందు, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చి చూస్తే, మందు త్వరగా పని చేసినా చివరికి మూడు జట్లూ ఇంచుమించు సమానంగా తేరుకున్నాయి. అది జబ్బు వచ్చినవారి సంగతి. మీరడిగిన నివారణ విషయానికి వస్తే, నార్వేలో దాదాపు 34,000 మందిని 11 ఏళ్లు గమనించినవారు, అందరూ వారానికి ఒక్క గంట కదిలినా కొత్త డిప్రెషన్లలో 12 శాతం తప్పేవని లెక్కగట్టారు. చెమటలు పట్టేలా చేయనక్కరలేదని కూడా తేల్చారు.

ట్రెడ్‌మిల్ మీద నడిచే మనిషిని దారిలో ఎవరూ పలకరించరు, ఆ నడక ఎక్కడికీ చేర్చదు. అయితే మన గట్లు నడవడానికి వీలుగా ఉన్నాయా అంటే అదీ లేదు. సగం చెత్తకుప్పలు, సగం ఆక్రమణలు, చేపల చెరువులు తవ్విన చోట దారే మిగలలేదు. మా నాన్నగారు రెండుసార్లు జారిపడబోయారు. ఇలా పడిపోకుండా ఉండేందుకే 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల నడకతో పాటు, మూడు రోజులు పట్టు తప్పకుండా నిలబడే కసరత్తులు, కండబలం పెంచేవి కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడంతో మొదలుపెట్టించండి.

ఆ పైన, మీ అమ్మగారు ఇదివరకు ఏ పని మీద రోజూ గడప దాటేవారో కనుక్కోండి. క్షీరారామం గుడికో, కూరల బజారుకో అయితే ఆటో మాన్పించి, పక్కింటి పిన్నిగారిని తోడిచ్చి నడవనివ్వండి. కూరలు ఇంటికి తెప్పించే ఏర్పాటు మీరే చేసి ఉంటే, దాన్ని ఈ వారమే ఆపేయండి.